అడ్డుపెట్టిన చెయ్యి

జనక్‌పురిలో నేను చదివిన స్కూల్లో కెమిస్ట్రీ మేడమ్‌ది కాకినాడ. ల్యాబ్‌లో బర్నర్లు వెలిగించే ముందు ఆవిడ ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి, ఆడపిల్లల జడలు తానే ముడివేసేవారు. అందరితోనూ హిందీలో మాట్లాడినా, నా దగ్గరికొచ్చేసరికి మాత్రం "కదలకే తల్లీ, నిప్పుతో పని" అనేవారు. ఇంటి బయట నాకు వినిపించే తెలుగు అదొక్కటే.

ఒకరోజు నా పక్కనున్న అమ్మాయి పొరపాటున యాసిడ్‌లో నీళ్ళు పోయబోయింది. మేడమ్ పరుగున వచ్చి నా ముఖానికి చెయ్యి అడ్డుపెట్టారు. అంతలోనే నీళ్ళు పడి యాసిడ్ చిమ్మింది; కాస్త తుంపర నా కంట్లో పడింది. వెంటనే నన్ను కుళాయి కిందికి వంచి, "కన్ను మూయకు తల్లీ, నీళ్ళు పడనీ. నేనున్నాగా" అంటూనే ఉన్నారు.

మంట తగ్గాక తలెత్తి చూస్తే ఆవిడ చేతి మీద చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

"మేడమ్, మీ చెయ్యి!"

"అది సరేలే. నీకు బాగా కనిపిస్తోందా, ముందు అది చెప్పు."

ఆ వేసవిలో ఆవిడ భర్తకు బదిలీ అయింది. నేను సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాను. మెట్రోలో మేడమ్ వయసావిడ ఎవరైనా కడ్డీ పట్టుకుని నిలబడితే, ముఖం కంటే ముందు చేతి వైపు చూస్తాను.