మేం తినని శొంఠి రొట్టె

మా చిన్నప్పుడు... క్రిస్మస్ ముందురోజు మా వీధి పొడుగునా శొంఠి, బెల్లం కలిసి కాలుతున్న వాసన వచ్చేది. శిరివెళ్ల దగ్గర పల్లె మాది. వీధి చివరింట్లో మా బడి టీచరమ్మ సుగుణమ్మ, ఆమె కూతురు రూతు ఉండేవాళ్లు. రూతు, నేను నాలుగో తరగతి... ఒకే బల్ల.

టీచరమ్మ వాళ్లమ్మ ఒకప్పుడు నంద్యాలలో ఒక దొరసాని ఇంట్లో వంట చేసేదట. అక్కడ నేర్చుకున్న రొట్టె అది. గోధుమపిండి, బెల్లం పాకం, దంచిన శొంఠి, నాలుగు లవంగాలు... దబరలో ఇసుక పోసి, అందులో గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చేవాళ్లు. ఇప్పుడు బేకరీల్లో జింజర్ బ్రెడ్ అంటున్నారే, అదే. రూతు మాత్రం శొంఠి రొట్టె అనేది.

ఆ ఏడు టీచరమ్మ నన్ను పిలిచి, అల్లిక గుడ్డ కప్పిన స్టీలు పళ్లెం చేతికిచ్చింది.

"జేజికియ్యి పాపా. అందరూ తినండి."

పళ్లెం అడుగు ఇంకా వెచ్చగా ఉంది...

మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, దాన్ని అందుకుని నేరుగా దొడ్లోకి పోయింది. నేను వెనకే పరుగెత్తేలోపు కుడితి తొట్టిలో బుడుంగుమని చప్పుడు. రొట్టె ఎట్లుందో కూడా చూడలేదు. బర్రె తల వంచింది.

"ఏంది జేజీ, అట్ల పారబోస్తివి?"

"వాళ్లింట్లో వండింది మనం తినగూడదు మే. పండో కాయో అయితే తీసుకుంటాం గానీ."

ఆ మాటలో కోపమేమీ లేదు. పళ్లెం తోమి, ఖాళీగా పంపగూడదని కొత్త బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, గట్టివి ఏరి నిండుగా పోసింది. ఆ మర్యాదను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పళ్లెం తిరిగిస్తుంటే టీచరమ్మ ఆశగా అడిగింది. "ఎట్లుండె పాపా?"

"శానా బాగుండె టీచర్. మెత్తగా... నోట్లో ఏస్తానే కరిగిపాయ."

రూతు పకపకా నవ్వింది. "కరిగేది యాడిది మే? టీలో ముంచకుంటే దవడలు నొస్తాయి. మంట పుట్టలేదా నీకు?"

"నువ్వూరుకో రూతూ" అంది టీచరమ్మ. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత బుడ్డలు డబ్బాలో పోసుకుంటూ, "జేజిని అడిగినానని చెప్పు" అంది.

మరుసటి ఏడు కూడా వీధంతా అదే వాసన. అదే పళ్లెం, అదే అల్లిక గుడ్డ. ఈసారి దారిలోనే ఎత్తి చూశాను.

కమలాపండ్లు. అరటిపండ్లు.

జేజి సంబరంగా ఒక పండు వొలిచి తొనలు నా చేతిలో పెట్టింది. "తియ్యగుండాయి, తిను." తిన్నాను... తియ్యగానే ఉన్నాయి.

వాళ్లు ఆళ్లగడ్డకు బదిలీ అయ్యేదాకా ఏటా పండ్లే వచ్చాయి.

తప్పంతా జేజి మీదికి తోసేస్తే తేలిక. కానీ ఆ మొదటి రోజు పళ్లెం వీధి పొడుగునా మోసింది నేనే కదా... ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఎవరు చూడొచ్చారు? జేజి అంటే భయమా? లేక ఆ పాటికే ఆ మాట నాలోనూ ఉందా? ఎంత తరచి చూసుకున్నా తేలదు.

పోయిన డిసెంబరులో ఆళ్లగడ్డ బస్టాండులో రూతు కనబడింది.

"అమ్మ పోయి మూడేండ్లాయ మే. ఆ రొట్టె ఎన్నిసార్లు చేసినా నాకు కుదర్తాలేదు. నీకన్నా గుర్తుందా దాని రుచి?"

ఉంది అనబోయాను.

"నేను తినలేదు రూతూ. ఒక్కసారి గూడా."

ఆమె చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "అమ్మకు తెల్సులే మే" అంది. అంతలో బస్సొచ్చింది.

ఇప్పుడు నంద్యాలలో మా ఇంట్లో, ఇది ఎవరు వండారని అడిగేవాళ్లు లేరు. పిల్లలు అందరిళ్లలోనూ తింటారు. మొన్న బేకరీలో ఆ రొట్టె కొని టీలో ముంచుకు తిన్నాను. గొంతులో శొంఠి మంట తగిలింది. ఇదేనా టీచర్, అని అడగడానికి ఆమె లేదు...

మీ ఇళ్లకూ అట్లా గుడ్డ కప్పిన పళ్లేలు వచ్చే ఉంటాయి. తిన్నారా? ఎట్లుండె అని వాళ్లు అడిగితే... ఏం చెప్పారు?