మా కారుకు శనివారం తలంటు

తెలుగులో కారు అనే మాటకున్న అర్థాలన్నీ మా నాన్న కొన్న పాత కారు ఒక్కటే నిలబెట్టేది. పేరుకు కారు. నిలిపిన చోటల్లా కారేది. ఆ కారే నూనె కారుచీకటిలా ఉండేది.

నాన్నకు వరంగల్లులో బట్టల దుకాణం. డెబ్బైల చివర్లో ఒక ఆదివారం నర్సంపేటలో మా మేనత్త గృహప్రవేశం. మామయ్య ముందే కబురంపాడు: "బామ్మర్దీ, బస్సులనే రా. నీ కారు నెట్టేటందుకు నా కాడ మనుషుల్లేరు." ఇక కారులోనే పోవాలని నాన్న పంతం.

శుక్రవారం పొద్దున మెకానిక్ ఇంజిన్లోంచి కొలత కడ్డీ లాగి, కొసనున్న నలుపును వేళ్ల మధ్య రుద్దాడు.

"సేటూ, ఆయిల్ సచ్చిపోయింది. జిగట లేదు, దుమ్ముపట్టి గరగర అంటాంది. గిట్లనే పోతే సగం తొవ్వల ఇంజిన్ పట్టేస్తది. ఇయ్యాలనే మారుస్త."

"ఒక్క నూనెల ఎన్నిసార్లని గారెలు కాలుస్తం?" అంది అమ్మ. ఆమెకు అర్థమైంది. నాయినమ్మకు ఇంకోలా అర్థమైంది. కొత్త నూనె పెట్టడమంటే ఆమె లెక్కలో తలంటు. ఆడవాళ్లకు శుక్రవారం, మగవాళ్లకు శనివారం.

"కారు ఆడిదా, మొగదా?" అంది.

మెకానిక్ బోల్టు మీద పెట్టిన పాన మళ్లీ తీసేశాడు.

"మొగదే అత్తమ్మా," అంది అమ్మ. "తాగుతది, పొగ ఇడుస్తది, చెప్పిన మాట ఇనది."

నాన్న చేతిలోని సిగరెట్టు వెనక్కి పోయింది.

"మొన్న వర్ధన్నపేట కాడ 'ఆగింది' అన్నడు గద వీడు. 'ఆగిండు' అన్లేదు," అంది నాయినమ్మ, నాన్నను చూపిస్తూ.

చదువుకుంటున్నవాణ్ణని నన్నడిగారు. వ్యాకరణంలో నా మార్కులు నాకూ మా సారుకూ మధ్య రహస్యం. అయినా ధైర్యం చేశాను. "ఆడోళ్లకూ బండ్లకూ ఒక్కటే 'అది', నాయినమ్మా."

"అయితే ఆడిదే. ఇయ్యాలనే కానియ్యి," అంది. మెకానిక్ వంగాడు. "ఆగు. శుక్కురారం ఇంట్లకెల్లి నూనె బయటికి పోతే లచ్చిమి పోతది."

"అయితే మొగదే అమ్మా, మొగదే," అన్నాడు నాన్న నీరసంగా. అలా మా కారుకు పుంస్త్వం సిద్ధించింది.

శనివారం మెకానిక్ నూనె డబ్బాతో వస్తే నాయినమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది.

"శనారం ఇంట్లకు నూనె రావద్దు."

నాన్న అరుగు మీద కూలబడ్డాడు. తెల్లారితే ఆదివారం.

"నూనె లోపటికి రావద్దు సరే," అంది అమ్మ. "కారు బయటికి పోవద్దని ఎవలన్నరు?"

అందరం కలిసి వీధిలోకి నెట్టాం. పాత నూనె ఇనుప తట్టలోకి దిగుతుంటే నాయినమ్మ ముఖం వెలిగింది. నలుపు, నూనె, శనివారం: శనిదానానికి ఇంకేం కావాలి? దారిన పోయే ఎడ్లబండతన్ని ఆపి, ఇరుసుకు పూసుకొమ్మని ఇచ్చేసింది. కొత్త నూనె తాగిన కారు మాత్రం, కడుపులో శనివారపు నూనె ఉందని, ఇంట్లోకి రాకుండా వీధిలోనే ఉండిపోయింది. దానికి కాపలాగా నాన్న అందులోనే పడుకున్నాడు.

మర్నాడు నర్సంపేటలో గేటు ముందు కారు మెత్తగా ఆగింది. మామయ్య చుట్టూ తిరిగి చూశాడు.

"సప్పుడే లేదు. బస్సుకు కట్టి గుంజుకొచ్చినవా బామ్మర్దీ?"

నాయినమ్మ దిగుతూ అంది: "నిన్న తలంటు పోసుకున్నడు అల్లుడా. నిమ్మళంగ వచ్చిండు."

మామయ్య నాన్న తల వైపు చూశాడు. ముందు సీట్లో రాత్రంతా నలిగిన జుట్టు పిచ్చుక గూడులా ఉంది.

"ఎవలు అత్తమ్మా?"

"మా పెద్దోడు," అంది నాయినమ్మ, బానెట్ మీద చెయ్యేసి.