గంగమ్మను అడిగిన పాట

అగరొత్తుల వాసనకు చాలామందికి భక్తి పుడుతుంది, నాకు మాత్రం అది గిట్టదు. ఇవాళ పొద్దున పక్కింటివాళ్లు పూజకు వెలిగించినప్పుడూ అంతే, లేచి కిటికీ మూసేశాను.

డెబ్బైల చివర్లో మేం పోర్టు దగ్గరి గవర్నమెంటు బడిలో ఎనిమిదో తరగతి. ఓడలకెత్తే ఇనప ఖనిజం ధూళి వాలి మా తెల్ల జాకెట్లు మధ్యాహ్నానికే ఎర్రబారేవి, ఇంటర్వెల్లో ఉప్పూకారం అద్దిన మామిడికాయ కాకెంగిలి చేసుకుని తినేవాళ్లం, నా పక్కన జాలరిపల్లె యారాడ నుంచి కొండ దిగి, పడవెక్కి వచ్చే నూకరత్నం కూర్చునేది. అంతకుముందు వానాకాలం వాళ్ల నాన్న సముద్రం మీదికి చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. వాళ్లలో కొత్త తెప్ప నీళ్లలోకి దించేరోజు ఆడవాళ్లు గంగమ్మను నిలదీస్తూ ఒక పాట పాడతారు: మా మనిషిని తీసుకెళ్తున్నావు, మళ్లీ ఒడ్డుకు తెచ్చే పూచీ నీదే, తేకపోతే నీకు కోడీ లేదు, కల్లూ లేదు అని. వార్షికోత్సవంలో దేవుడి పాట ఎవరు పాడతారని అడిగితే నూకరత్నం చెయ్యెత్తింది. వాళ్లన్న ఆ నెలలోనే మొదటిసారి వేటకు వెళ్లాలి. పదిమందిలో పాడితే గంగమ్మ తల్లి తప్పక వింటుందని దాని నమ్మకం.

రిహార్సల్లో హెడ్మాస్టరు ఒక్క చరణమైనా పూర్తిగా పాడనివ్వలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "దేవతను బెదిరించే పాటా? ఇది బడా, చేపల బజారా?" అన్నాడు.

"బెదిరింపు కాదు సార్. మా తల్లినే గదా అడుగుతన్నాం," అంది నూకరత్నం.

ఆ మాటతో హెడ్మాస్టరు దాన్ని స్టేజీ దింపేశాడు. అది నిలబడ్డ చోట అగరొత్తులు వెలిగించమని ప్యూనుకు చెప్పి, ఆ పొగలో నన్ను నిలబెట్టి కీర్తన పాడమన్నాడు. పాడాను. సిగ్గులేకుండా, రోజూ రిహార్సల్లో రాగం తీసి మరీ పాడాను. వార్షికోత్సవం నాడు స్టీలు గ్లాసు బహుమతిస్తే మా అమ్మ మురిసిపోయింది. ఆ హెడ్మాస్టరంటే నాకు ఈనాటికీ రోతే, ఆయన అడగ్గానే లేచి వెళ్లిన నన్ను తలుచుకుంటే అంతకన్నా రోత. వాళ్లన్న క్షేమంగానే తిరిగొచ్చాడు, నూకరత్నం మాత్రం ఆ ఏడాదితో బడి మానేసింది.

పోయిన నెల యారాడ వెళ్లాను. ఒడ్డున తెప్పల్లేవు, అన్నీ ఇంజను బోట్లే. కొత్త బోటు దించేటప్పుడు సౌండు బాక్సుల్లో సినిమా పాటలేనట. జుట్టు నెరిసిన నూకరత్నం నన్ను వలల పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ గంగమ్మ పాట ఒక్కసారి పాడవే అన్నాను.

"అదేటో, ఇప్పుడు నోటికి రాదే. ఆ రోజు నుంచి పాడ్డం మానేసేను. నువ్వు పాడిందయితే వచ్చు, రోజూ కింద కూకోని ఇన్నాను గదా," అని నా కీర్తన అందుకుంది.

ఒక్క అక్షరం పొల్లు పోలేదు.