స్టూడియోలో తెరిచిన కళ్ళు

కాదు లావణ్యా... "అత్తా, నీ బొమ్మల్లో కళ్ళు అచ్చం ఫోటోలో మీ అమ్మవే" అని నిన్న కామెంట్ పెట్టావు. ఫోటోలోవే, నిజం. మా అమ్మవి మాత్రం కావు. మా పిన్ని మనవరాలివి కాబట్టి మర్యాదగా చెబుతున్నాను.

మా చిన్నప్పుడు... ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా నాన్నమ్మకి గట్టి నమ్మకం. అమ్మని ఏ కెమెరా ముందుకీ వెళ్ళనివ్వలేదు. జ్వరంతో అమ్మ పోయిన మధ్యాహ్నం ఫోటోగ్రాఫర్‌ని పిలిపించింది కూడా ఆవిడే... ఇక తగ్గడానికి ఏమీ మిగల్లేదని కాబోలు.

అమ్మకి ముఖం కడిగి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా తువ్వాలుతో కట్టారు. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

"కళ్ళు మూసే ఉన్నాయి కదా బాబూ... ఏటి సేత్తావు?" అంది నాన్నమ్మ.

"మీకెందుకమ్మా, నాకొగ్గీయండి. స్టూడియోలో తెరిపించేత్తాను" అన్నాడతను, కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటికి తీస్తూ.

ఇంటినిండా ఏడుపులు... నేను ఏడవలేదు. తెరిపిస్తానన్నాడు కదా!

ఫోటో వచ్చింది. మూసిన రెప్పల మీద కుంచెతో గీసిన రెండు పెద్ద గుండ్రటి కళ్ళు... ఏ మూల నిలబడినా వదలవు.

"ఇది అమ్మ కాదు" అన్నాను.

"నోరుముయ్యే! దండమెట్టు" అంది నాన్నమ్మ.

తర్వాతెప్పుడో బెల్లం వర్తకుల ఇంటికి పేరంటానికి వెళితే, గోడ మీద దండ వేసిన వాళ్ళ తాతగారు అవే కళ్ళతో చూశారు. మా మాస్టారి భార్యవీ అవే. ఊళ్ళో పోయినవాళ్ళందరికీ ఒకటే జత కళ్ళు...

రోజూ వాటి కిందే తిని పెరిగాను. అమ్మ అసలు కళ్ళని అవి నా తలలోంచి మెల్లగా తినేశాయి.

బొమ్మలెందుకు వేస్తారని అడుగుతారు... కాలక్షేపమట! అమ్మ కళ్ళు ఒక్కసారి సరిగ్గా వెయ్యాలని. ముక్కు వస్తుంది, గడ్డం వస్తుంది. కళ్ళ దగ్గరికి రాగానే చెయ్యి నా మాట వినదు. ఆ స్టూడియో ఆయనే వచ్చి వేసిపోతాడు.

మొన్న మా మనవడు ఫోన్‌లో ఏదో నొక్కి, ఆ ఫోటో చేత రెప్పలు ఆడించాడు. "అమ్మమ్మా, మీ అమ్మ నిన్నే చూత్తంది!" అన్నాడు. నిజమే, చూసింది. ఇన్నాళ్ళూ ఆ కళ్ళు రెప్పైనా వెయ్యవని ధైర్యంగా ఉన్నాను...

అప్పుడు మనిషికి ఒక్క ఫోటో, అదీ పోయాక. ఇప్పుడు కంచంలో పెసరట్టుకి కూడా నాలుగు! ఇది చదివేవాళ్ళంతా మీ గోడల మీది పాత ఫోటోల్లో కళ్ళు ఎవరివో దగ్గరికెళ్ళి చూడండి. చూశాక ఇక్కడ కామెంట్లో రాయండి... రాయగలిగితే.

లావణ్యా, ఈసారి ఆ ఫోటోని గోడవైపు తిప్పి పెట్టి అమ్మని వేశాను. అమ్మ కళ్ళు చూసినవాళ్ళలో ఆవిడ చెల్లెలు, మా పిన్ని, ఒక్కర్తే మిగిలింది. ఆవిడకీ చూపు ఆనడం లేదంటున్నావు. రేపే వచ్చి బొమ్మని ఎలమంచిలిలో పిన్ని దగ్గరికి తీసుకెళ్ళు. రంగు ఆరలేదు, ముఖం మీద బట్ట కప్పకు. బస్సులో ఒళ్ళోనే పెట్టుకో. పగటి వెలుగులో, కళ్ళజోడు తుడిచి పెట్టి, చూపించు. ఎవరో నువ్వు చెప్పకు... ఆవిడ ఎవరి బొమ్మంటే అదే నాకు ఫోన్ చేసి చెప్పు.