నిండుగా ఇంటికొచ్చే నీళ్ల బాటిల్

2023 వానాకాలం. తాండూరులో నాది ఒక్క కుర్చీ ఉన్న పళ్ల ఆసుపత్రి. కింద నాపరాళ్ల దుకాణం, పైన అద్దె గదిలో నేను. బొంరాస్‌పేట వైపు మాకు కోటలాంటి గడి, భూములు ఉండేవి. ఇప్పుడు లేవు. అటునుంచి వచ్చే పెద్దవాళ్లు నన్ను ఇంకా దొరా అనే పిలుస్తారు. నేను వద్దనను.

అలా పిలిచే లక్ష్మమ్మ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో కూలీ. కూతురు స్వప్న ఇక్కడే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎండాకాలంలో ఆ పిల్లకు నేనే రెండు ఫిల్లింగులు వేశాను. వానలు మొదలయ్యేసరికి ఎడమవైపు మరో మూడు పళ్లకు సర్వికల్ కేరీస్ వచ్చింది, అంటే చిగుళ్ల అంచున పుచ్చడం. ఇదే తీరున సాగితే ఇంటర్ పూర్తయ్యేలోగా ఆ పళ్లు తీసేయాల్సి వచ్చేలా ఉంది.

నాకేమీ అర్థం కాలేదు. ముందు నా ఫిల్లింగులనే అనుమానించి పరీక్షించాను. చెక్కుచెదరలేదు. తర్వాత తీపి తిననని పిల్ల అబద్ధమాడుతోందనుకున్నాను. షుగర్ పరీక్ష చేయించాను, లేదు.

"చాక్లెట్ ముట్టది దొరా. పొద్దుమాపు పండ్లు తోముతది," అంది లక్ష్మమ్మ.

బుగ్గ పక్కకు జరుపుదామని మౌత్ మిర్రర్, అంటే పళ్లు చూసే చిన్న అద్దం, లోపల పెట్టాను. అది బుగ్గకు అంటుకుపోయింది. లాలాజలం చాలనప్పుడు అలా అవుతుంది. పళ్లను కడిగి కాపాడేది ఆ లాలాజలమే. నీళ్లు తాగుతుందా అని అడిగాను.

లక్ష్మమ్మ నవ్వింది. "సీస నింపిస్త. దాన్ని బస్సెక్కించి తాండూరు చూపించి, నిండుగనే ఇంటికి తెస్తది."

స్వప్న నవ్వలేదు. నా వైపు తిరిగి చెప్పింది. "కాలేజ్ల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు సార్. నీళ్లు తాగితే పోవాలె గద. గొంతెండితే పిప్పరమెంటు బుగ్గకు పెట్టుకుంట. గది చాక్లెట్ కాదు గద?"

ఏ బుగ్గ అని అడిగాను. ఎడమ బుగ్గ తాకి చూపించింది.

పిప్పరమెంటు మాన్పించాను, ఫ్లోరైడ్ పేస్టు రాశాను. గొళ్లెం ఎక్కడ రాయాలి? మా ఇంట్లో ఎవరూ ఒకరి గుమ్మంలో నిలబడి అడిగినవాళ్లు కాదు. అయినా మర్నాడు ఆ కాలేజీ ఆఫీసు ముందు చాలాసేపు నిలబడ్డాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గొళ్లెం పెట్టించమంటే చూద్దామన్నారు.

దసరా తర్వాత స్వప్న మళ్లీ వచ్చింది. ఈసారి అద్దం అంటుకోలేదు, జారింది. కొత్త పుచ్చు లేదు. గొళ్లెం పెట్టారా అని కొంచెం గర్వంగానే అడిగాను.

"పెట్టలే సార్. నేనూ, నా దోస్తూ జట్టుగ పోతున్నం. ఒకరు లోపల, ఒకరు తలుపు కాడ."

పళ్లను నిలబెట్టింది పేస్టా, నీళ్లా, పిప్పరమెంటు మానడమా, తలుపు దగ్గర నిలబడ్డ ఆ పిల్లా, నేను చెప్పలేను. ఇప్పుడు ఆ వయసు పిల్లలు వస్తే తీపి సంగతి తర్వాత, పగలు నీళ్లెందుకు తాగవు అని ముందు అడుగుతున్నాను. నోరు చూడటమే నా పని. నోటి బయట ఎంతదాకా చూడాలో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.