ఏనుగు ఉద్యోగం

మా సాంబురు పశువుల కాపర్ల గడ్డ మీద ఏనుగు ఉద్యోగం చేసిన మనిషి లెసూయాన్ ఒక్కడే. ఆ ఉద్యోగం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. దంతాల కోసం వచ్చే తుపాకుల వాళ్ళ బెడద పడలేక ఏనుగులన్నీ దక్షిణానికి తరలిపోతే, పని ఆగిపోతోందని తనే చేరిపోయాడు. పొద్దున్నే పాలు తాగి, ఎర్రదుప్పటి భుజాన వేసి, గొడ్డలి పట్టుకుని బయలుదేరేవాడు. ఎక్కడికని అడిగితే, "ఏనుగు పనుందిలే" అనేవాడు, సంతకెళుతున్నా అన్నంత మామూలుగా.

ఆ మాట వింటే ఆయన వదిన నైసూలాకి ఒళ్ళు మండేది. అన్న పోయాక కూడా ఇద్దరి గుడిసెలూ ఒకే ముళ్ళకంచె లోపల ఉన్నాయి గనక వినక తప్పేది కాదు.

"వదినా, టీలో పంచదార తగ్గింది."

"ఉన్నదే అంత."

"ఏనుగులుంటేనా!"

"ఉంటే? తొండంతో పంచదార మోసుకొస్తాయా?"

"అవి చెట్టు విరిస్తే నేలకి ఎండ తగులుతుంది. ఎండ తగిలితే గడ్డి. గడ్డి తింటే ఆవులు పాలిస్తాయి. పాలు అమ్మితే పంచదార రాదా?"

"ముందా గిన్నె ఇటివ్వు. చల్లారిపోయింది."

ఏ మాట ఎత్తినా ఇంతే. మేక కుంటినా, నడుం పట్టేసినా, ఎవరి పెళ్ళి తప్పిపోయినా, ఆయన నోట ముందొచ్చేది "ఏనుగులుంటేనా!" ఒకసారి దగ్గు మందివ్వడానికొచ్చిన నర్సమ్మకి కూడా ఏనుగు పేడలోంచి తుమ్మ మొక్క ఎంత జోరుగా మొలుస్తుందో చెప్పి పంపాడు. మందు తాగలేదు.

నైసూలా ఊరుకునే రకం కాదు. "నా గుడిసె కప్పు పీక్కుతిన్నదెవరు? వాగు గట్టున చెట్లన్నిటికీ బెరడు ఒలిచేసి నీడ లేకుండా చేసిందెవరు? మీ ఏనుగులు కావూ?"

"చుట్టాలన్నాక కాస్త పాడుచేయరా వదినా?"

నిజం చెప్పొద్దూ, ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. ఏనుగులున్నప్పుడు ఎండిన వాగులో ఇసుక తవ్వుకుని తాగి పోయేవి. ఆ గుంటల్లో మిగిలిన నీళ్ళు మేకలు తాగేవి. అవి వెళ్ళాక ముళ్ళపొదలు తెగబలిసి గడ్డినంతా మింగేశాయి. ఏనుగులు తొక్కిన దారులన్నీ పూడుకుపోయాయి. నైసూలా కూతురు సెయియాన్ ఉండేది ఆ పొదలకి అవతలే. ఒకప్పుడు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి కూతురి గుమ్మంలో ఉండేది. ఇప్పుడు కొండ చుట్టి వెళ్ళాలి, ఆవిడ మోకాలేమో కొండ పేరు చెబితేనే మొరాయిస్తుంది. సెయియాన్‌కి కొడుకు పుట్టాడని కబురొచ్చింది. పాకుతున్నాడని మరో కబురొచ్చింది. నైసూలా మాత్రం వాడి మొహమైనా చూడలేదు.

సాయంత్రం పూట పొదల మీదుగా అవతలి మందల దుమ్ము లేస్తుంటే ఆవిడ కంచె దగ్గర నిలబడి చూసేది.

"నడిచాడో ఏమో వెధవ," అంది ఒక రోజు, ఎవరితోనో తెలియకుండా. లెసూయాన్ పక్కనే ఉన్నాడు. ఆశ్చర్యం, ఏనుగుల మాటే ఎత్తలేదు.

ఆ తర్వాత ఉద్యోగం మరీ ముదిరింది. వీపు నిండా ముళ్ళతో చీకటి పడ్డాక గాని ఇల్లు చేరేవాడు కాదు. నైసూలా ముళ్ళు తీస్తూ తిట్టేది.

"ఉద్యోగంతో పాటు ఆ తోలు కూడా అడిగి పుచ్చుకోవాల్సింది!"

"అబ్బా! మెల్లగా వదినా!"

వాన పడి వెలిసిన కొన్నాళ్ళకి ఒక పొద్దున గాడిదని తోలుకొచ్చాడు. "ఎక్కు వదినా. నా పని చూద్దువుగాని."

"నాకేం పనిలేదా?" అని సణుగుతూనే ఎక్కింది.

పొదల్లో నిజంగానే దారి పడింది. నరికిన తుమ్మలు రెండు పక్కలా పడున్నాయి. ఎండ తగిలిన చోటల్లా పచ్చగడ్డి! నైసూలా గాడిద దిగి, వంగి, దాన్ని చేత్తో నిమిరింది. ఎన్నాళ్ళకి చూసిందో! తిట్టడానికి మాట దొరకలేదు.

కొంత దూరం పోయాక దొరికింది. "ఏమయ్యా, వాగు ఎడమకి కదా? నీళ్ళ వైపు పోకుండా ఇటు పోతుందేం నీ దారి? ఏనుగులకి ఇటు పనేముందీ?"

"వస్తే వాటినే అడుగు," అన్నాడు లెసూయాన్ వెనక్కి తిరక్కుండా.

అప్పుడు అర్థమైంది ఆవిడకి, ఇటు ఉండేదెవరో. మెడలో పూసలు సర్దుకుని, మళ్ళీ గాడిదెక్కి, తనే దాన్ని అదిలించింది. గాడిదే ఆశ్చర్యపోయి ఉంటుంది.

చివర ఒక్క ఎండుతుమ్మ అడ్డంగా మిగిలింది. లెసూయాన్ గొడ్డలి పక్కన పెట్టి, వీపు ఆనించి, ఊఁ అని తోశాడు. చెట్టు ఫెళ్ళున విరిగింది. పొదల అవతల గోల లేచింది. "ఏనుగు! ఏనుగొచ్చింది!" డబ్బాలు మోగాయి.

లెసూయాన్ గబుక్కున వెనక్కి తిరిగాడు. వచ్చిన దారంతా చూశాడు. రెప్ప వేయలేదు. నైసూలా దగ్గరికొచ్చి ఆయన వీపుకంటిన బెరడు దులిపింది.

"నిన్నేనయ్యా వాళ్ళనేది," అంది మెల్లగా.

"నన్నా?"

ఇద్దరూ బయటికొచ్చారు. ఏనుగుని ఎదుర్కోడానికి ఈటెతో నిలబడిన అల్లుడు, అత్తగారిని చూడగానే ఈటె పారేసి మేకల దొడ్లోకి ఉరికాడు. అత్తకి అల్లుడు ఎదురుపడటం మా వాళ్ళలో తప్పు మరి. సెయియాన్ పిల్లాణ్ణెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! ఎలా వచ్చావే!" వాడు అమ్మమ్మ మెడలోని పూసలు గుప్పెట పట్టి వదల్లేదు. నైసూలా నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ వాణ్ణి వాసన చూసింది.

కాసేపటికి లెసూయాన్ టీ గిన్నెతో పక్కన చతికిలబడ్డాడు.

"వదినా, నిజంగా ఏనుగనే అన్నారా?"

"అన్నారు."

"చప్పుడు విని అన్నారా, చూసి అన్నారా?"

పొదల చాటునున్న మనిషిని ఎవరు చూస్తారు? నైసూలా మనవణ్ణి ఆయన ఒళ్ళో కూచోబెట్టింది.

"చూసే అన్నారు."