చూరు కింద పెట్టిన బొమ్మల పుస్తకం

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సరిపెట్టుకోండి.

నా మనవరాలు ఇళ్ళ బొమ్మలు వేసేది. ఇంటి ఎదుటే పీట వేసుకుని కూర్చుని, నల్ల పెన్నుతో గీసి, పైన నీళ్ళ రంగులు అద్దేది. దళసరి కాగితం, అదీ ఒక వైపే వాడేది. నాకు ఒళ్ళు మండేది. దారిన పోయే మగాళ్ళు ఆగి చూస్తుంటే ఇంకా మండేది.

మాది ఏటి మధ్య లంక ఊరు. ఆ ఏడు గోదావరి గట్టును కోసుకుంటూ పక్కింటి వదిన గుమ్మం దాకా వచ్చింది. ముందు వసారా అప్పటికే ఏట్లో కలిసిపోయింది. మిగిలిందీ పోయేలోగా ఇల్లు మొత్తం బొమ్మ వేసిపెట్టమని వదిన మా పిల్లని అడిగింది. లేని వసారా ఎలా వేస్తుంది? వదినని పక్కన కూర్చోబెట్టుకుని, స్తంభాలెన్ని, తలుపులది ఏ రంగు, తాతగారి పడక కుర్చీ ఎటువైపు ఉండేది అని అడిగి అడిగి, మూడు రోజులు వేసింది. వదిన ఏడుస్తూ నవ్వుతూ చెప్పేది. నేను దడి ఇవతల నిలబడి వినేదాన్ని.

నాలుగో రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. పిల్ల ఇంకా లేవలేదు. బీరువా మీదున్న దాని బొమ్మల పుస్తకం తీసి, చూరు నీళ్ళు కారేచోట వదిన ఇంటి బొమ్మ దగ్గర తెరిచి పెట్టాను. రంగులన్నీ కలిసి బురదనీళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాను.

పిల్ల లేచి చూసింది. “లోపల పెట్టినట్టే గుర్తు మామ్మా.”

“అయితే నేను తెచ్చి పెట్టేనంటావా?”

చాలాసేపు నా మొహంలోకి చూసింది. “లేదు మామ్మా. నేనే అరుగు మీద మర్చిపోయేనేమో.”

నేను పొయ్యి రాజేసుకున్నాను.

ఎందుకు చేశాను? పొదుపు అనుకున్నాను, పరువు అనుకున్నాను. రెండూ కావు. నా పుట్టింటి గుమ్మం ఎలా ఉండేదో ఆ పిల్ల నన్ను ఒక్కనాడూ అడగలేదు. అడగగలిగేలా నేను ఎప్పుడైనా ఉన్నానా?

వారం తిరక్కుండానే ఆ ఇల్లు ఏట్లో పడింది. పిల్ల వదిన చేతులు పట్టుకుని, తప్పు నాదే అని ఏడ్చింది. గోదారికి రాసిపెట్టింది గోదారికే పోయిందిలే అని వదినే దాన్ని ఓదార్చింది. తర్వాత కొన్నాళ్ళకి వదిన కొత్తపేటలో కూతురింట్లో కన్నుమూసింది. పిల్ల మళ్ళీ పెన్ను పట్టలేదు.

ఇప్పుడు దాని కాపురం అమలాపురంలో. తాళం మూడుసార్లు లాగి చూస్తుంది. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వస్తుంది. మొగుడు వేళాకోళం చేస్తే, నాకు ముందు నుంచీ మతిమరుపే, మామ్మనడగండి అని నవ్వుతుంది. నేను ఊఁ అంటాను. ప్రతిసారీ.

పుస్తకం పిల్ల లోపలే పెట్టింది. తీసింది నేను. ఈ రెండు మాటలూ దాని ఎదుట నా నోట రావు. ఇక్కడ రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఇంతకన్నా నాకు చేతకాలేదు.